తాడు ఒరిసిన రాయి: కర్తృత్వం మీద ఒక విచారణ

కర్మ జరిగిపోయిన తరువాత దాని ఫలం ఎక్కడ నిలిచి ఉంటుంది, నిలిచిన ఆ ఫలం ఎవరికి చెందుతుంది అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు రెండు వేల ఏళ్ళకు పైగా చర్చించాయి. ఆ చర్చలో కుండ, వస్త్రం, రథం, దీపం, విత్తనం వంటివే పదే పదే ఉదాహరణలుగా వస్తాయి. శాస్త్రకారుల కళ్ళెదుట రోజూ ఉన్న వస్తువులు అవే కావడం అందుకు కారణం. వాళ్ళ కాలానికీ దేశానికీ దూరమైన వస్తువు ఒకటి, ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో మాకిల్స్‌ఫీల్డ్ కాలువ మీద ఉన్న ఒక తరహా రాతి వంతెన, అదే ప్రశ్నను మరింత సూటిగా ముందుకు తెస్తుంది. గుర్రాలు పడవలను లాగిన కాలంలో తాళ్ళు ఒరుసుకున్న రాళ్ళ అంచుల్లో గాడులు పడ్డాయి. వాటిని ఎవరూ ఉలితో చెక్కలేదు, ఎవరూ కావాలని కోరుకోలేదు, అయినా ఆ దారిన పోయిన మనుషుల, పశువుల శ్రమకు కట్టడంలో కంటికి కనిపించే సాక్ష్యంగా మిగిలినవి అవే. ఆ గాడి ఎవరి కర్మ అన్నది మొదటి ప్రశ్న. గాడి పడిన రాయిని తీసి దాని చోట కొత్త రాయి పెడితే వంతెన అదే వంతెనగా ఉంటుందా అన్నది రెండోది. ఈ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవనీ, మొదటిదాన్ని దాటవేసి రెండోదానికి జవాబు చెప్పడం కుదరదనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

మాకిల్స్‌ఫీల్డ్ కాలువ తవ్వకానికి బ్రిటిష్ పార్లమెంటు 1826లో చట్టం ద్వారా అనుమతి ఇచ్చింది. థామస్ టెల్ఫర్డ్ మార్గాన్ని సర్వే చేయగా, విలియం క్రాస్లీ ఇంజనీరుగా ఉండి పని పూర్తి చేయించాడు; 1831 నవంబరు 9న కాలువను పడవలకు తెరిచారు. మార్పుల్ దగ్గర పీక్ ఫారెస్ట్ కాలువ నుంచి బయలుదేరి, కిడ్స్‌గ్రోవ్ వైపు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ వ్యవస్థను అందుకునేదాకా సుమారు 26 మైళ్ళు, అంటే దాదాపు 42 కిలోమీటర్లు, పెనైన్ కొండల పడమటి అంచును ఒరుసుకుంటూ పోయే ఈ కాలువలో నీటి మట్టం చెప్పుకోదగినంతగా మారే చోటు బోస్లీ ఒక్కటే. అక్కడ వరసగా 12 లాకులు ఉన్నాయి. లాకు అంటే రెండు తలుపుల మధ్య నీటి గదిలో పడవను నిలిపి, నీరు నింపుతూనో వదులుతూనో దాన్ని పై మట్టానికి ఎత్తే, కింది మట్టానికి దించే కట్టడమని గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు. లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు నడవడం మొదలైన మరుసటి ఏడే తెరుచుకున్న ఈ కాలువ ఆ దేశపు పెద్ద కాలువల్లో చివరి తరానికి చెందింది; 1846 నాటికే అది ఒక రైల్వే కంపెనీ చేతిలోకి వెళ్ళింది. అంటే తన యుగం ముగియబోతున్న వేళ పుట్టిన కాలువ ఇది. బహుశా అందుకే కాబోలు, అంతకు ముందు అరవై డెబ్భై ఏళ్ళుగా కాలువలు తవ్వుతూ పోగుచేసుకున్న పనితనమంతా దీని రాతిపనిలో కనిపిస్తుంది.

ఆ కాలంలో పడవను లాగింది గుర్రం. సుమారు 70 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉండి, 25 టన్నుల దాకా బొగ్గునో రాతినో సున్నాన్నో మోసే పడవను గట్టు మీద నడుస్తూ ఒక్క గుర్రం పొడవైన తాడుతో లాగగలిగేది. కదలని నీటిలో మెల్లగా జరిగే పడవకు ఎదురయ్యే నిరోధం చాలా తక్కువ కావడం వల్ల అది సాధ్యమైంది. ఇదే కాలానికి కాస్త అటూ ఇటూగా, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా రైళ్ళ కంటే పడవ కాలువలే దేశానికి మేలని గట్టిగా వాదించినవాడు. ఆయన తవ్వించిన గోదావరి కాలువల మీద గట్టు వెంట తాడు భుజానికి వేసుకుని పడవను లాగింది మాత్రం మనుషులే.

గుర్రం నడిచే బాట సాధారణంగా కాలువకు ఒక గట్టు మీదే ఉంటుంది. నేల వాలు వల్లనో, భూస్వామి అభ్యంతరం వల్లనో ఆ బాట ఒక గట్టు నుంచి మరో గట్టుకు మారవలసిన చోట ఒక చిక్కు వస్తుంది. గుర్రం మామూలు వంతెన ఎక్కి అవతలి గట్టుకు దిగి ముందుకు సాగితే, పడవ వంతెన కింది నుంచి వస్తుంటే, తాడు వంతెన పిట్టగోడకు చుట్టుకుంటుంది. కనుక ప్రతిసారీ తాడు విప్పి మళ్ళీ కట్టాలి. ఈ చిక్కును మాకిల్స్‌ఫీల్డ్ కాలువ మీది ఇంజనీరు రాతితోనే విప్పాడు. వంతెనకు రెండు వైపులా దిగే వాలుబాటలను ఒకే దిక్కున ఉంచి, అందులో ఒకదాన్ని చుట్ట తిప్పి, అదే వంతెన కమాను కిందుగా పోయే గట్టుబాటలో కలిపాడు. గుర్రం ఇవతల వాలుబాట ఎక్కుతుంది, వంతెన దాటుతుంది, అవతల గుండ్రంగా తిరిగి దిగుతుంది, తాను అప్పుడే దాటిన వంతెన కిందుగానే నడిచి ముందుకు పోతుంది. తాడు ఒక్క క్షణం పిట్టగోడ మీద వాలి జారిపోతుందే తప్ప ఎక్కడా చుట్టుకోదు. ఒకే వంతెనను ఒకే ప్రయాణంలో పైనుంచీ కిందనుంచీ దాటడం ఈ ఏర్పాటులోని విశేషం. రాయి రాయినీ ఒంపుకు తగినట్టు చెక్కి పేర్చవలసి రావడంతో గోడలు మెలి తిరిగినట్టు ఉంటాయి. అందుకే అక్కడివాళ్ళు వీటిని పాము వంతెనలు అంటారు. కాంగిల్టన్ పట్టణం దగ్గర ఉన్నవి వీటిలో బాగా పేరుపడినవి.

పాము వంతెనలో తాడు చిక్కుకోదు గాని, ఒరుసుకోకుండా ఉండదు. కమాను మూలల్లో, పిట్టగోడ పైరాళ్ళ మీద తాడు వాలే చోట్ల పడిన గాడులను దగ్గరగా చూస్తే వాటి తీరు తెలుస్తుంది. అవి ఒకే చోట ఒకటిగా ఉండవు. నాలుగైదు గాడులు విసనకర్ర పుల్లల్లా ఒక మూల నుంచి వేరువేరు కోణాల్లో విడివడతాయి, ఎందుకంటే గుర్రం ఎత్తు, తాడు పొడవు, పడవ బరువు ఏ రెండు ప్రయాణాల్లోనూ ఒక్కలా ఉండవు. చుట్టూ రాయి గరుకుగానే ఉంటుంది, గాడి లోపల మాత్రం నునుపు. మెత్తని తాడు గట్టి రాతిని ఎలా కోసిందన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. తాడు గట్టు మీద ఈడ్చుకుపోతూ తడిసి, ఇసుకనూ మట్టినీ తన పీచులో పట్టుకుంటుంది. రాతిని కోసేది తాడు కాదు, తాడు పట్టుకున్న ఇసుక. రాళ్ళు పాడవకుండా కొన్ని కాలువల మీద వంతెన మూలలకు ఇనుప పట్టీలు బిగించారు. ఆ ఇనుములోనూ లోతైన గాడులు పడ్డాయి. నూతి గట్టు రాతి మీద చేదతాడు చేసే గాడి తెలుగువాళ్ళకు తెలిసిందే. వ్యాకరణవేత్త వోపదేవుడు బాల్యంలో ఆ గాడిని చూసి పట్టుదల నేర్చుకున్నాడని చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ మంచిదే గాని, గాడి గురించి అది చెప్పేది సరి కాదు; పట్టుదల అంటే ఒక ఫలాన్ని కోరి పట్టు విడవకపోవడం, చేదతాడు కోరింది ఏమీ లేదు, నీళ్ళు తోడిన మనిషి కోరింది నీళ్ళే తప్ప గాడి కాదు. ఈ వ్యాసానికి ఆ తేడాయే ముఖ్యం.

కర్త అంటే ఎవరు అన్న ప్రశ్నకు అందరికంటే కచ్చితమైన నిర్వచనం ఇచ్చినవాళ్ళు నైయాయికులు. ఒక కార్యానికి కర్త కావాలంటే మూడు ఉండాలి: ఏ పదార్థంతో ఆ కార్యం తయారవుతుందో దాన్ని గురించిన జ్ఞానం, దాన్ని చేయాలన్న కోరిక, అంటే చికీర్ష, ఆ కోరికను నెరవేర్చే ప్రయత్నం, అంటే కృతి. కుమ్మరికి మట్టి తెలుసు, కుండ చేయాలన్న కోరిక ఉంది, చక్రం తిప్పే ప్రయత్నమూ ఉంది, కనుక కుండకు అతడు కర్త. ఈ కొలతతో చూస్తే వంతెనకు కర్తలు ఉన్నారు. టెల్ఫర్డ్, క్రాస్లీ పేర్లతోనూ, రాళ్ళు చెక్కినవాళ్ళు పేర్లు లేకుండానూ ఉన్నారు. గాడికి మాత్రం కర్త దొరకడు. పడవవాడికి గాడి గురించిన జ్ఞానం ఉండవచ్చు, రోజూ కళ్ళముందు ఉన్నదే కనుక. చికీర్ష లేదు, దానికోసం ప్రయత్నమూ లేదు. గుర్రం సంగతి చెప్పనే అక్కరలేదు. కాని ఇదే న్యాయ సంప్రదాయంలో 10వ శతాబ్దపు ఉదయనాచార్యుడు తన న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఎత్తుకున్న మొదటి హేతువు ఏమిటంటే, కార్యమైనది ఏదైనా కర్త లేనిదే పుట్టదు, భూమి మొదలైనవి కార్యాలు, కనుక వాటికీ కర్త ఉండాలి, అతడే ఈశ్వరుడు. దానికి ఎదుటి పక్షం చూపిన ఉదాహరణ ఎవరూ నాటకుండా మొలిచే మొలక; కార్యమే, కర్త కనిపించడు. గాడి ఆ మొలకకు తోబుట్టువు. అది నిస్సందేహంగా కార్యం, పుట్టిన కాలం కూడా తెలిసిన కార్యం, మనుషుల మధ్యే పుట్టిన కార్యం. అయినా ఏ మనిషీ దానికి కర్త కాడు.

నైయాయికుడు దీనికి తడబడడు. మొలక విషయంలో చెప్పినట్టే, దీనికీ కర్త ఈశ్వరుడని అంటాడు. ఆయనకు రాతి కణాల జ్ఞానమూ, జీవుల అదృష్టాన్ని, అంటే కంటికి కనబడని ధర్మాధర్మ సంచయాన్ని, అనుసరించిన ఇచ్ఛా ఉన్నాయి కనుక నిర్వచనం నిలుస్తుంది. తర్కం నిలిచిన మాట నిజమే, కాని ఈ జవాబును ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే జరిగేది ఒకటి ఉంది: గాడి మీద హక్కు దాన్ని చేసిన శ్రమ నుంచి జారి, నేరుగా పరమకర్త ఖాతాకు వెళుతుంది. మధ్యలో నడిచిన మనిషీ, గుర్రమూ నిమిత్తమాత్రులుగా కూడా లెక్కకు రారు. భక్తిలో అది గొప్ప భావన కావచ్చు. సాక్ష్యాన్ని చదవవలసిన విచారణలో అది సాక్ష్యాన్ని చెరిపివేయడమే అవుతుంది.

బౌద్ధంలో దారి వేరు. చేతనే, అంటే సంకల్పమే, కర్మ అని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది. సంకల్పం లేని చోట కర్మ లేదు, కనుక గాడి ఎవరి కర్మా కాదు, అది కేవలం రాపిడి. ఈ సిద్ధాంతం నైతికంగా ఎంతో మేలు చేసింది. తెలియక చేసినవాణ్ణి తెలిసి చేసినవాడితో సమానంగా నిలబెట్టే క్రూరత్వాన్ని అది తొలగించింది. జైనులు దీన్ని ఒప్పుకోలేదు. తెలగపిండి ముద్ద అనుకుని మనిషిని పొడిచినవాడికి దోషం లేదంటారా అని బౌద్ధుల్ని నిలదీసే సంవాదం సూత్రకృతాంగంలో ఉంది. జైనుల లెక్కలో కర్మ ఒక సూక్ష్మ ద్రవ్యం, నడకకూ మాటకూ తలపుకూ జీవుడికి అంటుకునే ధూళి వంటిది. సంకల్పం దాని గాఢతను మారుస్తుంది, ఉనికిని రద్దు చేయదు. తడి వస్త్రం ధూళిని పట్టుకున్నట్టే రాగద్వేషాల తడి ఉన్న జీవుడు కర్మధూళిని పట్టుకుంటాడని జైన గ్రంథాలు చేసే పోలిక, వంతెన మూల దగ్గర పోలికగా కాక జరిగిన పనికి వర్ణనలా వినిపిస్తుంది. మీమాంసకుల అపూర్వం అనే భావనతో గాడిని పక్కపక్కన పెట్టి చూస్తే మరో సంగతి తేలుతుంది. యజ్ఞం ఇవాళ ముగుస్తుంది, స్వర్గం ఎప్పటికో వస్తుంది. మధ్యకాలంలో యజ్ఞఫలాన్ని మోసే కనబడని శక్తికి అపూర్వం అని పేరు. అక్కడ ఫలం కోరినది, కాని కనబడదు. గాడి కనబడుతుంది, కాని కోరినది కాదు.

కర్మ ముగిశాక ఫలం ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నను నాగార్జునుడు తన మూలమధ్యమకకారికల్లో 17వ ప్రకరణమంతా పరీక్షించాడు. ఆంధ్రదేశంలోని శ్రీపర్వతంతో, కృష్ణా తీరపు నాగార్జునకొండతో సంప్రదాయం ఆయన పేరును ముడిపెట్టింది. ఆ ప్రకరణంలో ఆయన ఉటంకించి పరీక్షించిన ఒక పక్షం ఎంతో ఆసక్తికరమైనది: కర్మ నశించినా అవిప్రణాశం అనేది ఒకటి మిగులుతుందనీ, అది ఋణపత్రం లాంటిదనీ ఆ పక్షం చెబుతుంది. అప్పు ఇచ్చి పుచ్చుకున్న పని ఒక్క పూటలో ముగుస్తుంది. పత్రం మాత్రం బాకీ తీరేదాకా ఉంటుంది. గాడిని ఋణపత్రంగా చూడడం చాలా సహజంగా తోస్తుంది, ఎందుకంటే పడవ వెళ్ళిపోయింది, గుర్రం చనిపోయింది, తాడు కుళ్ళి మట్టిలో కలిసింది, బాకీ రాసిన రాయి మిగిలింది. కాని పత్రం పత్రం కావాలంటే దాని మీద అప్పు ఇచ్చినవాడి పేరూ, తీసుకున్నవాడి పేరూ ఉండాలి. గాడి మీద ఏ పేరూ లేదు. నాగార్జునుడి సొంత నిర్ణయం మరో దిక్కున సాగింది. కర్మకు గాని, కర్తకు గాని స్వభావం, అంటే ఇతరాల మీద ఆధారపడని సొంత ఉనికి, లేదనీ, కర్మ వల్ల కర్తా, కర్త వల్ల కర్మా ఒకదాన్నొకటి ఆనుకునే నిలుస్తాయనీ ఆయన 8వ ప్రకరణంలోనే చూపాడు. కర్త ముందే సిద్ధంగా ఉండి తరువాత కర్మ చేస్తాడన్న వాడుక భ్రమ అని దీని అర్థం. ఈ నిర్ణయమే గాడికి అన్నిటికంటే బాగా సరిపోతుంది. తాడుకు ఇసుక, ఇసుకకు తడి, తడికి కాలువ, తాడు బిగువుకు గుర్రం, గుర్రానికి దాణా పెట్టే చేయి, ఆ చేతికి బొగ్గు అడిగే మిల్లు. ఇందులో ఏ ఒక్కదాన్ని విడదీసి కర్త అనడం కుదరదు, ఏ ఒక్కదాన్ని తీసివేసినా గాడి లేదు.

ఇక్కడ ఆగిపోతే మాత్రం విచారణ అసంపూర్ణం. కర్త శూన్యుడన్న మాట జ్ఞానిని అహంకారం నుంచి విడిపించడానికి చెప్పినది. పేరే లేనివాణ్ణి మరోసారి లేకుండా చేయడానికి చెప్పినది కాదు. కాలువ పడవల మీద బతికినవాళ్ళు ఆ సమాజపు అంచున బతికారు. 19వ శతాబ్దంలో రైళ్ళ పోటీ పెరిగి కూలి తగ్గాక, ఎన్నో కుటుంబాలు గట్టు మీది ఇల్లు వదిలి పడవ వెనుక భాగంలోని చిన్న గదిలోకి చేరాయి. సుమారు పది అడుగుల పొడవు, ఏడడుగుల లోపు వెడల్పు ఉన్న ఆ గదిలోనే వంటా, పడకా, పురుళ్ళూ. గుర్రం వెంట నడవడం చాలాసార్లు పిల్లల పని. బడి లేని ఆ పిల్లల పరిస్థితి మీద జార్జ్ స్మిత్ చేసిన ఆందోళన ఫలితంగా 1877లోనూ, 1884లోనూ కాలువ పడవల చట్టాలు వచ్చాయి. పడవల మీద బతికినవాళ్ళలో అత్యధికులు సంతకం చేయడం రానివాళ్ళు. ఇంజనీరు సంకల్పానికి ప్లాను ఉంది, చట్టం ఉంది, చరిత్రలో పేరు ఉంది. సంకల్పాన్ని నమోదు చేసుకునే సాధనమే లేనివాడి బతుకులో మిగిలేది అతడు సంకల్పించనిది మాత్రమే. కనుక సంకల్పించినదే కర్మ అన్న నిర్వచనాన్ని పాపపుణ్యాల తూకానికి ఉంచుకుని, శ్రమ తూకానికి దాన్ని వాడకూడదు. అందుకు తగిన మాట బౌద్ధ అభిధర్మంలోనే ఉంది. జీవులు నివసించే ఈ బాహ్య ప్రపంచాన్ని భాజనలోకం అంటారు, అంటే పాత్ర వంటి లోకం. అది ఏ ఒక్కరి కర్మ వల్లా కాక జీవులందరి సాధారణ కర్మ వల్ల, అంటే ఉమ్మడి కర్మ వల్ల, ఏర్పడిందని అభిధర్మం చెబుతుంది. గాడి సాధారణ కర్మకు కంటికి కనిపించే రూపం. దానికి కర్త లేడనడం కంటే, దాని కర్త ఏకవచనం కాదనడం సత్యానికి దగ్గర.

ఇప్పుడు రెండో ప్రశ్న. వైశేషికుల మతంలో అవయవి, అంటే అవయవాలతో ఏర్పడిన మొత్తం, అవయవాల కంటే వేరైన ద్రవ్యం. అవయవాల సంయోగం చెదిరితే ఆ అవయవి నశిస్తుంది. వస్త్రంలోంచి ఒక్క దారం లాగితే పాత వస్త్రం నశించి ఖండపటం అనే కొత్త వస్త్రం పుడుతుందని వాళ్ళు వెనుదీయకుండా చెప్పారు. ఈ సూత్రాన్ని వంతెనకు వర్తింపజేస్తే, తాడు ఒరుసుకున్న ప్రతిసారీ కొన్ని రేణువులు రాలాయి కనుక ప్రతి పడవా ఒక వంతెన కిందికి వచ్చి మరో వంతెన కింది నుంచి బయటపడింది. వినడానికి వింతగా ఉన్నా ఇందులో లోపం లేదు. అదే వంతెన అన్న గుర్తింపు, దీపజ్వాలను చూసి అదే జ్వాల అనుకోవడం వంటిదేనని అంటారు. మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపి తేల్చింది ఈ దీపజ్వాల సంగతే: అది అదీ కాదు, వేరొకటీ కాదు, ఒక సంతానం, అంటే తెగని వరస. ఇంగ్లండులో 17వ శతాబ్దపు థామస్ హాబ్స్ ఇదే చిక్కును థీసియస్ ఓడ పేరుతో బిగించాడు: ఓడ పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోగా, తీసేసిన పాత పలకలను ఒకడు దాచి మరో ఓడ కట్టితే రెండిటిలో ఏది అసలైనది?

ఇది పుస్తకాల్లోని చిక్కు మాత్రమే కాదు. మాకిల్స్‌ఫీల్డ్ కాలువ తెరిచిన 1831లోనే ఆగస్టు 1న లండన్‌లో థేమ్స్ నది మీద ఇంజనీరు జాన్ రెనీ రూపొందించిన రాతి వంతెనను ప్రారంభించారు. 1968లో దాన్ని అమ్మగా, రాళ్ళకు అంకెలు వేసి అమెరికాలోని అరిజోనాకు తరలించారు. అక్కడి లేక్ హవాసు సిటీలో 1971లో నిలిపిన వంతెనకు లోపలి బలం కాంక్రీటుది, పైతొడుగు లండన్ రాతిది. తెలుగు నేల మీద శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. రెండూ తరలిన రాళ్ళే, కాని రెండూ ఒకటి కావు. ఆగమ శాస్త్రాలు జీర్ణోద్ధరణను, అంటే శిథిలమైన ఆలయాన్ని బాగుచేయడాన్ని, ముందే ఊహించి విధి ఏర్పరచాయి. మూర్తిలోని దైవకళను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచి, పని ముగిశాక తిరిగి సంప్రోక్షణతో ప్రతిష్ఠిస్తారు. ఆలయపు ఏకత్వం రాతిలో లేదు, ఆ సాన్నిధ్యంలో ఉంది కనుక రాతిని మార్చవచ్చు. వంతెనకు అటువంటి కుంభం లేదు. దాని మీద జరిగినదంతా రాతిలోనే ఉంది, మరెక్కడా దాచడానికి వీలులేదు.

జాన్ రస్కిన్ 1849లో, విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘాన్ని స్థాపిస్తూ, పునరుద్ధరణ పేరిట పాత రాతిని గీకి కొత్తగా చేయడాన్ని తీవ్రంగా ఖండించింది ఈ కారణం చేతనే; మరమ్మతు వేరు, పునరుద్ధరణ వేరు అని ఆ సంఘం నేటికీ చెబుతుంది. వాళ్ళ వాదంలో ప్రధానంగా ఉన్నది శిల్పి చేతి గుర్తు. తాడు గాడికి ఆ వాదం ఇంకా ఎక్కువ వర్తిస్తుందని చెప్పాలి, ఎందుకంటే శిల్పి చేసినదాన్ని మరో శిల్పి అనుకరించగలడు. సంకల్పం లేకుండా పడినదాన్ని సంకల్పంతో చేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఉలితో గీసిన గాడి ఎంత పోలికగా ఉన్నా ఒకే ఒక్కడి కర్మ, దానికి నైయాయికుడి నిర్వచనం అక్షరాలా సరిపోతుంది, అందువల్లే అది అబద్ధం.

లండన్‌లో రీజెంట్స్ పార్కు పక్క కాలువ మీద మాకిల్స్‌ఫీల్డ్ పేరే పెట్టుకున్న మరో వంతెన ఉంది. ఇటుక కమానులు, పోత ఇనుప స్తంభాలు. 1874 అక్టోబరు 2 తెల్లవారుజామున తుపాకిమందు మోసుకుపోతున్న టిల్‌బరీ అనే పడవ సరిగ్గా దాని కింద పేలిపోయింది. పడవలోని ముగ్గురు చనిపోయారు, వంతెన కూలింది, ఇనుప స్తంభాలు మిగిలాయి. మళ్ళీ కట్టేటప్పుడు ఆ స్తంభాలనే వాడారు, అయితే గాడులు పడిన వైపు నీటికి దూరంగా ఉండేటట్టు తిప్పి నిలిపారు. తాళ్ళు యథాప్రకారం ఒరుసుకుంటూ పోయి రెండో వైపునా గాడులు చేశాయి. తర్కం ప్రకారం ఇటుకలు మారాయి కనుక అది ఖండపటమే, కొత్త అవయవే. కాని స్తంభాల రెండు వైపులా ఉన్న గాడులను చూసినవాడు పేలుడుకు ముందు ఎంతోమంది, తరువాత ఎంతోమంది ఒకే పని మీద ఒకే దారిన నడిచారని అనుమాన ప్రమాణంతో తెలుసుకుంటాడు. నిండి పారే నదిని చూసి ఎగువన వాన పడిందని ఊహించే శేషవదనుమానం, అంటే కార్యం నుంచి కారణానికి వెళ్ళే అనుమానం, ఇదే. వంతెన ఏకత్వం ఆ తెగని నడకలో ఉంది, దానికి గుర్తు గాడిలో ఉంది.

కనుక పాము వంతెనల విషయంలో నిర్ణయం స్పష్టం. వాటిలో చాలావాటిని చట్టం రక్షిత కట్టడాల పట్టికలో చేర్చింది. 2012 నుంచి కాలువ బాధ్యత కెనాల్ అండ్ రివర్ ట్రస్టుది. కాలం గడిచేకొద్దీ రాళ్ళు కదులుతాయి, సున్నం రాలుతుంది, మరమ్మతు తప్పదు. పగిలిన రాతి చోట కొత్త రాయి పెట్టవచ్చు, అది కొత్తదని తెలిసేటట్టే పెట్టవచ్చు, సంతానం తెగదు. గాడి పడిన రాతిని మాత్రం, అది బరువు మోయగలిగినంత కాలం, ఉన్న చోటు నుంచి, ఉన్న ముఖం నుంచి కదపకూడదు. ఆ రాళ్ళ పక్కనుంచి ఇవాళ పోయేవి ఇంజను పడవలు. వాటికి తాడు లేదు గనుక ఉన్న గాడులు ఇక లోతు కావు, కొత్త గాడులూ పడవు.